డబుల్స్‌లో మా అమ్మాయి ఏ పక్క నిలబడాలి? ఆ పది పాయింట్ల టైబ్రేక్ సంగతేంటి?

సీతమ్మధార అమ్మ:

అందరికీ నమస్కారం. టెన్నిస్ గురించి నాకు తెలిసింది బహు తక్కువ. సానియా మీర్జా, ఆవిడ ముక్కుపుడక, ఎప్పుడైనా టీవీలో వింబుల్డన్, అంతే. ఇప్పుడు మా అమ్మాయి పుణ్యమా అని తెల్లారకుండానే లేచి కోర్టు పక్కన సిమెంటు గట్టు మీద కూర్చుంటున్నాను. తనకి పద్నాలుగేళ్లు. సింగిల్స్‌లో రెండో రౌండ్ దాటడమే గగనంగా ఉంది గానీ, గాజువాక నుంచి వచ్చే ఒక పిల్లతో కలిసి డబుల్స్ ఆడితే మాత్రం మనిషే మారిపోతుంది. ఇంట్లో పిలిస్తే పలకని పిల్ల, అక్కడ పాయింటు పాయింటుకీ ఏదో ఒకటి చెబుతూనే ఉంటుంది. ఆ గాజువాక పిల్లది ఎడమచేతి వాటం.

మొన్న జూనియర్ టోర్నమెంట్ క్వార్టర్స్‌లో మొదటి సెట్ గెలిచారు. రెండోది పోయింది. మూడో సెట్ ఎలాగూ గంట పడుతుంది కదా అని నేను నిమ్మకాయ నీళ్లు కలుపుకొని వచ్చేసరికి, మూడో సెట్ బదులు పది పాయింట్ల టైబ్రేక్ అట (ముందు పది చేసినవాళ్లదే మ్యాచ్), అప్పటికే 4-1, మనవాళ్లే ముందున్నారు. ఇంకాసేపటికి చూస్తే 6-10, ఇంటికి వెళ్లిపోవడమే.

అంతకన్నా నా మనసులో నలుగుతున్నది రెండో సెట్‌లో జరిగింది. 4-4, సర్వీసు అవతలివాళ్లది, 40-40. అంపైర్ ఏదో అడిగాడు. మనవాళ్లిద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. మా అమ్మాయి అరచెయ్యి స్కర్టుకి తుడుచుకుంటోంది. మన వైజాగ్ ఉక్కపోత తెలుసుగా, గ్రిప్ సబ్బుముక్కలా జారిపోతోందట. గాజువాక పిల్ల రాకెట్‌తో 'నువ్వే' అన్నట్టు చూపించింది. ఇది ఒకడుగు వెనక్కి వేసి, మళ్లీ ముందుకొచ్చి, నిలబడీ నిలబడకముందే బంతి వచ్చేసింది. నెట్‌కి కొట్టింది. ఆ గేమ్‌తోనే సెట్ చెయ్యిజారింది. తిరిగొచ్చేటప్పుడు ఎన్‌ఏడీ జంక్షన్ దాకా స్కూటీ మీద ముగ్గురం (ట్రాఫిక్ పోలీసులెవరైనా చదువుతుంటే చూడనట్టు ఊరుకోండి), వెనకాల ఇద్దరి మధ్యా ఒక్క మాట లేదు.

వాళ్ల కోచ్ ఏమో 'డబుల్స్ సరదాకి ఆడించండి మేడమ్, లెక్కలోకొచ్చేది సింగిల్సే' అంటారు. నిజమేనా? పెద్ద పెద్ద టోర్నమెంట్లలో కూడా ఇలా పది పాయింట్లతో తేల్చేస్తారా? ఆ 40-40 దగ్గర బంతి ఎవరు తీసుకోవాలన్నది ఎవరి ఇష్టం? అసలు ఇద్దరిలో ఎవరు ఏ పక్క ఆడాలి? నాకు అర్థమయ్యేట్టు చెప్పండి.


బీచ్‌రోడ్ బ్యాక్‌హ్యాండ్:

ఏటండీ, నిమ్మకాయ నీళ్లు కలిపేలోపే సగం అయిపోయిందా! మరి దాన్ని పెట్టిందే అందుకు. మ్యాచ్ ఎప్పుడు ముగుస్తుందో నిర్వాహకులకి ముందే ఒక అంచనా ఉండాలి, అదే కోర్టులో తర్వాత సింగిల్స్ ఉంటుంది.

40-40 సంగతి. 40-40 తర్వాత వరసగా రెండు పాయింట్లు గెలవాలన్న అడ్వాంటేజ్ లేకుండా, ఒక్క పాయింటుతో గేమ్ తేల్చే పద్ధతి అది, నో-యాడ్ అంటారు. సర్వీసు ఏ పక్కకి రావాలో చెప్పే హక్కు రిసీవ్ చేసే జంటదే. కుడి అంటే కుడి పక్క ఆడుతున్న అమ్మాయి తీసుకుంటుంది, ఎడమ అంటే రెండో అమ్మాయి. ఆ పాయింటు కోసం ఇద్దరూ చోట్లు మార్చుకోవడానికి మాత్రం వీల్లేదు. అంపైర్ అడిగింది అదే.

మహిళల ప్రొఫెషనల్ టెన్నిస్ నడిపే డబ్ల్యూటీఏ టూర్‌లో డబుల్స్ అంతా మీరు చూసిన పద్ధతే. నో-యాడ్, చెరో సెట్ అయితే పది పాయింట్ల మ్యాచ్ టైబ్రేక్, రెండు పాయింట్ల తేడా ఉండాలి. గ్రాండ్‌స్లామ్‌లలో (వింబుల్డన్ లాంటి నాలుగు పెద్ద టోర్నమెంట్లు) మాత్రం మహిళల డబుల్స్‌కి పూర్తి మూడు సెట్లు, అడ్వాంటేజ్‌లతో సహా. మూడో సెట్ 6-6 అయితేనే పది పాయింట్లకి వెళ్తారు. ఒలింపిక్స్‌కి మళ్లీ పొట్టి పద్ధతే. 2024 పారిస్ ఫైనల్లో ఇటలీ జోడీ ఎర్రానీ, పావొలీనీలు ఆండ్రీవా, ష్నైడర్‌ల మీద 2-6, 6-1, 10-7తో గెలిచారు. ఒలింపిక్ బంగారమే అలా తేలిపోతే మనమెంత చెప్పండి.


వాల్తేరు వాలీ:

సీతమ్మధార అమ్మగారూ, రూలు ఆయన చెప్పేశారు. మీ పిల్లలకి కావాల్సింది రూలు కన్నా ముందుమాట. మ్యాచ్‌కి ముందు వార్మప్‌లోనే 'ఈ రోజు 40-40 వస్తే నాది' అని ఒకరు అనేసుకోవాలి. ఎవరి రిటర్న్ (సర్వ్‌ని తిప్పికొట్టడం) ఆ పూట బాగా పడుతోందో వాళ్లది. మధ్యలో మార్చాలనిపిస్తే కోర్టు చివరలు మారేటప్పుడు కుర్చీలో కూర్చుని మార్చుకోవాలి గానీ, సర్వర్ బంతి తట్టుతూ నిలబడ్డప్పుడు కాదు. మీరు చెప్పిన పాయింటులో మీ అమ్మాయి పోగొట్టుకున్నది రిటర్న్ కాదు, అంతకుముందున్న అయిదు సెకన్లు.

నేను ఆంధ్రా యూనివర్సిటీలో చదివే రోజుల్లో ఇంటర్ యూనివర్సిటీ పోటీలకి డబుల్స్ ఆడాను. (సింగిల్స్‌కి నన్నెవరూ పిలవలేదు లెండి.) ఇప్పుడు పొద్దున్నపూట పిల్లలకి నేర్పుతున్నాను. తల్లిదండ్రులందరికీ నేను పెట్టే పరీక్ష ఒకటే. ఈసారి టీవీలో మహిళల డబుల్స్ వస్తే బంతిని చూడకండి. నెట్ దగ్గర నిలబడ్డ అమ్మాయిని చూడండి. సర్వ్‌కి ముందు చెయ్యి వీపు వెనక పెట్టి వేళ్లతో ఏదో చెబుతుంది, అది వెనకున్న పార్ట్‌నర్‌కి కబురు: నేను అటు దూకుతాను, లేదా ఇక్కడే ఉంటాను. సర్వ్ పడగానే భుజం ఒక్కసారి మధ్యకి వంచి, మళ్లీ తన చోటుకి వచ్చేస్తుంది. అవతల రిటర్న్ కొట్టే అమ్మాయి కంటి కొసతో అది చూసి, బంతిని పక్క లైను వైపు తిప్పబోయి బయటకి కొట్టేస్తుంది. స్కోరు కాగితంలో అది అవతలి అమ్మాయి తప్పు. గెలిచింది మాత్రం బంతిని ముట్టుకోని మనిషి. పద్నాలుగేళ్ల పిల్లలకి ఇదే కష్టం. బంతి తన దగ్గరికి రాకపోతే తనకి పని లేదనుకుని నిలబడిపోతారు.

కోర్టు కొలతలు చూస్తే ఇంకా తెలుస్తుంది. సింగిల్స్ వెడల్పు 27 అడుగులు, డబుల్స్‌కి 36. రెండు పక్కలా నాలుగున్నర అడుగుల చొప్పున పెరుగుతుంది. నెట్ స్తంభాల దగ్గర మూడున్నర అడుగుల ఎత్తు, మధ్యలో మూడే. అంటే మధ్యనుంచి కొడితే నెట్ తగిలే భయం తక్కువ, పైగా అవతలి ఇద్దరిలో ఎవరిదన్న గందరగోళం. చిన్నపిల్లలు మాత్రం పక్క లైన్లనే చూస్తారు. అక్కడ చప్పట్లు ఎక్కువ.

ఎర్రానీ పేరు వచ్చింది కాబట్టి చెబుతాను. ఆవిడ సర్వ్ నెమ్మదిగా ఉంటుందని టెన్నిస్ చూసేవాళ్లందరికీ తెలుసు. మన క్లబ్బుల్లో మగపిల్లలు చూసి నవ్వుతారు కూడా. ఆ సర్వ్‌తోనే, ఇటలీకే చెందిన విన్చీతో కలిసి 2014 వింబుల్డన్ నాటికి నాలుగు గ్రాండ్‌స్లామ్ డబుల్స్ టైటిళ్లూ పూర్తి చేసింది. పారిస్‌లో బంగారం గెలిచేనాటికి 37 ఏళ్లు. పక్కనున్న పావొలీనీ అదే ఏడాది ఫ్రెంచ్ ఓపెన్, వింబుల్డన్ రెండింటిలోనూ సింగిల్స్ ఫైనల్ ఆడిన మనిషి. 2025లో ఇద్దరూ కలిసి ఫ్రెంచ్ ఓపెన్ కూడా కొట్టారు. ఎర్రానీ దగ్గర సర్వ్ లేకపోతే మరేముంది? బంతి ఎక్కడికి రాబోతోందో ముందే తెలిసిపోయే బుర్ర, తల మీదుగా పడే లాబ్. తైవాన్ ఆవిడ షియే సు-వే కూడా అంతే. రెండు వైపులా రెండు చేతులతో కొట్టే ఆట, చూడటానికి వింతగా ఉంటుంది. ముగ్గురు వేర్వేరు పార్ట్‌నర్లతో నాలుగు వింబుల్డన్ డబుల్స్ టైటిళ్లు గెలిచింది. బలం ఉన్నవాళ్లని వద్దని కాదు, డబుల్స్‌లో బలం ఒక్కటే చాలదని.

ఇక మీ టైబ్రేక్. 2015 వింబుల్డన్ ఫైనల్లో సానియా, ఆవిడ స్విస్ పార్ట్‌నర్ హింగిస్ మూడో సెట్లో 2-5తో వెనకబడ్డారు. అక్కణ్నుంచి 5-5 చేశారు. వెలుతురు తగ్గిపోయి పైకప్పు మూశారు, మళ్లీ మొదలయ్యాక 7-5తో గెలిచారు. అది పూర్తి సెట్ కాబట్టి కోలుకోవడానికి వ్యవధి దొరికింది. పది పాయింట్లలో ఆ వ్యవధి ఉండదు. అందుకని అక్కడ మూడు సంగతులు చూసుకోవాలి. ఒకటి, సెట్ బదులు ఆడే టైబ్రేక్ కాబట్టి, కొత్త సెట్‌కి లాగే జంటలో ఎవరు ముందు సర్వ్ చెయ్యాలో, ఎవరు ఏ పక్క రిసీవ్ చెయ్యాలో మార్చుకోవచ్చు. చాలామంది జూనియర్లకి ఈ సంగతే తెలీదు. రెండు, మొదటి సర్వ్ పోయిందని భయపడి రెండోది మరీ మెత్తగా పెట్టకూడదు. మూడోది, మీ 4-1 దగ్గర జరిగిందని నా అనుమానం: ఆరు పాయింట్లకోసారి కోర్టు చివరలు మారతారు. 4-1 అంటే అయిదు పాయింట్లు. ఇంకొక్కటి కాగానే మీవాళ్లు నెట్‌కి అవతలి చివరకి వెళ్లుంటారు. ఆ పూట గాలి ఎటు వీస్తోందో గుర్తుందా?


ఉక్కునగరం నాన్న:

మేడమ్ చెప్పిందంతా ఆటగా బాగుంది. నేను తండ్రిగా లెక్క చెబుతాను, కోపం తెచ్చుకోకండి. కోచ్ అన్నది గాలిమాటేమీ కాదు. అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య (ఐటీఎఫ్) జూనియర్ ర్యాంకింగ్‌లో మంచి ఆరు సింగిల్స్ ఫలితాల పాయింట్లు పూర్తిగా వేస్తారు, డబుల్స్‌లో మంచి ఆరింటి పాయింట్లలో నాలుగో వంతే కలుపుతారు. పెద్దయ్యాక ప్రొఫెషనల్ టోర్నమెంట్లలో డబుల్స్ ప్రైజ్ మనీ జంటకి ఇంత అని ప్రకటిస్తారు, అంటే చేతికొచ్చేది సగం. టికెట్, హోటల్, కోచ్ జీతం మాత్రం ఎవరిది వాళ్లే పెట్టుకోవాలి.

పార్ట్‌నర్ సంగతి ఇంకా ముఖ్యం. సానియా, హింగిస్ కన్నా గొప్ప జోడీ ఉంటుందా? 2015 ఏప్రిల్‌లో సానియా డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయింది, తర్వాత ఇద్దరూ వరసగా 41 మ్యాచ్‌లు గెలిచారు. అయినా 2016 ఆగస్టులో విడిపోయారు. అదే నెల సిన్సినాటి ఫైనల్లో నెట్‌కి అటొకరు ఇటొకరు. సానియా చెక్ అమ్మాయి స్ట్రిత్సోవాతో ఆడి హింగిస్ జోడీని ఓడించింది. ఆ స్థాయిలోనే జోడీకి గ్యారంటీ లేదు. రేపు గాజువాక పిల్ల వాళ్ల నాన్నకి బదిలీ అయితే మీ అమ్మాయి ఆట ఏమవుతుంది? సానియా కూడా 2007లో సింగిల్స్ 27వ ర్యాంకు దాకా వెళ్లిన మనిషే. ఒంటరిగా కోర్టు వెనక గీత (బేస్‌లైన్) నుంచి కొట్టగలిగే ఆ ఫోర్‌హ్యాండే (రాకెట్ పట్టిన చేతి వైపు కొట్టే దెబ్బ) తర్వాత డబుల్స్‌లో పనికొచ్చింది. సింగిల్స్ వదలొద్దు, నా మాట.

డబుల్స్ దండగ అని మాత్రం నేననను. అమెరికా కాలేజీ టెన్నిస్‌లో జట్టు మ్యాచ్‌కి ఏడు పాయింట్లు, ఆరు సింగిల్స్‌కి, ఒకటి డబుల్స్‌కి. ముందు మూడు డబుల్స్ మ్యాచ్‌లు ఒక్కో సెట్ చొప్పున ఆడతారు, రెండు గెలిచిన కాలేజీకి ఆ పాయింటు. రోజు మొదలయ్యేదే దాంతో కాబట్టి డబుల్స్ వచ్చిన పిల్లల కోసం కోచ్‌లు చూస్తారు. మన వైజాగ్‌లో అమెరికా అంటే బీటెక్ అయ్యాక ఎమ్మెస్ అనే అనుకుంటారు. ఇంటర్ అవ్వగానే రాకెట్ పట్టుకుని వెళ్లే దారి కూడా ఉంది.


కోరమాండల్ స్లీపర్:

నాన్నగారూ, జోడీకి గ్యారంటీ లేదన్నారు కదా, రెండో వైపు కూడా వినండి. 2022 సెప్టెంబర్‌లో చెన్నై ఓపెన్ చూడ్డానికి ఇక్కణ్నుంచి కోరమాండల్ ఎక్కి వెళ్లాను. నుంగంబాక్కం స్టేడియం. బ్రెజిల్ అమ్మాయి లూయిసా స్టెఫానీ, కెనడా అమ్మాయి గాబ్రియేలా డబ్రౌస్కీ ఆడారు. అంతకు ముందు ఏడాది యూఎస్ ఓపెన్ సెమీస్‌లో ఇదే జోడీ ఆడుతుండగా స్టెఫానీ మోకాలి లిగమెంట్ తెగి, వీల్‌చెయిర్‌లో కోర్టు దాటింది. ఏడాది తర్వాత మళ్లీ మొదటి టోర్నమెంట్ చెన్నైలో, అదీ అదే పార్ట్‌నర్‌తో. టైటిల్ కొట్టి వెళ్లారు. నేనక్కడ కూర్చున్నది సింగిల్స్ కోసం, గుర్తున్నది మాత్రం వీళ్లే. ఇంకోటి, డబుల్స్‌కి జనం పల్చగా ఉంటారు కాబట్టి కోర్టుకి దగ్గరగా కూర్చోవచ్చు, వాళ్లు మాట్లాడుకునేది వినపడుతుంది. పాయింటు పోయినా సరే, దగ్గరికొచ్చి చెయ్యి తట్టి వెళ్లడం ఒక్కసారి కూడా మానలేదు. మన పిల్లలకి టీవీ కన్నా అలాంటిదొకటి దగ్గర్నుంచి చూపించండి.


సీతమ్మధార అమ్మ:

అందరికీ చాలా థ్యాంక్స్. వాల్తేరు మేడమ్, గాలి మాట మీరంటే గుర్తొచ్చింది. కోర్టు చివర కట్టిన స్పాన్సర్ బ్యానర్ మొదట్నుంచీ మా వైపుకే ఉబ్బి కొట్టుకుంటోంది. నేను టోపీ పట్టుకుని కూర్చున్నాను. చివరలు మారాక గాజువాక పిల్ల వేసిన లాబ్‌లు రెండు వరసగా బయట పడ్డాయి. అప్పుడు 'ఏంటే ఇలా వేస్తోంది' అని మనసులో విసుక్కున్నాను కూడా. రాత్రి ఇద్దరినీ వీడియో కాల్‌లో కూర్చోబెట్టి మీ 40-40 సంగతి చదివి వినిపించాను. 'నాది', 'కాదు నాది' అని కొట్టుకున్నారు. మాటలు మొదలయ్యాయి, అది చాలు నాకు.

కోచ్ గారి మాటని తీసెయ్యను, సింగిల్స్ ఆపను కూడా. కానీ ఎవరు ఏ పక్క ఆడాలన్నది ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు మా అమ్మాయి ఎడమ పక్క, ఆ పిల్ల కుడి పక్క ఆడుతున్నారు. ఎందుకు అంటే 'మొదట్లో అలా నిలబడ్డాం ఆంటీ' అంది.


వాల్తేరు వాలీ:

లాబ్ బయట పడిందంటే గాలి వీపు వెనకనుంచి తోసిందన్నమాట. ఆ చివరకి వెళ్లాక లాబ్ తగ్గించి నెట్ మీదకి నడవాల్సింది. ఈసారి చెప్పండి.

కుడి, ఎడమ పక్కల సంగతి. మీరు చెప్పిన పద్ధతిలో ఇద్దరి ఫోర్‌హ్యాండ్‌లూ మధ్యలో ఉంటాయి. మధ్య గట్టిగా ఉంటుంది గానీ, సర్వ్ వెడల్పుగా బయటకి పడితే ఇద్దరూ బ్యాక్‌హ్యాండ్‌తో, అంటే రాకెట్ లేని చేతి వైపుకి, చెయ్యి చాపాల్సిందే. తిప్పేస్తే, అంటే మీ అమ్మాయి కుడి, ఎడమచేతి పిల్ల ఎడమ, ఫోర్‌హ్యాండ్‌లు బయటి వైపుకి వస్తాయి. అమెరికా డబుల్స్ జోడీ బ్రయాన్ కవలలు అలాగే ఆడేవారు, ఎడమచేతి బాబ్ ఎడమ పక్క, కుడిచేతి మైక్ కుడి పక్క. ఈ వయసు పిల్లల సర్వ్‌లు ఎక్కువగా వెడల్పుకే జారతాయి కాబట్టి నా ఓటు దీనికే. ఒక్క షరతు. మధ్య బంతి ఎవరిదో ముందే తేల్చుకోవాలి, లేకపోతే ఇద్దరి బ్యాక్‌హ్యాండ్‌ల మధ్యనుంచి వెళ్లిపోతుంది. ఐమూలగా వచ్చే బంతికి ఎదురుగా ఉన్న అమ్మాయిదే అనుకుంటే సరిపోతుంది. సెట్ మధ్యలో ఈ కుడి, ఎడమలు మార్చడానికి లేదు, కొత్త సెట్‌కి మార్చుకోవచ్చు. కొన్నాళ్లు ప్రాక్టీసులో చూసి నిర్ణయించుకోండి.

చెయ్యి తేడా ఉన్న జంటకి ఇంకో లాభం ఉంది. డబుల్స్‌లో ఒక అమ్మాయి సెట్ మొదట ఏ చివరనుంచి సర్వ్ చేస్తే, సెట్ అంతా ఆ చివరనుంచే చేస్తుంది. కాగితం మీద గేములు రాసుకుని చూడండి, టైబ్రేక్ వచ్చేదాకా తప్పదు. పొద్దున్న ఎనిమిదింటి మ్యాచ్ అయితే ఎండ తూర్పునుంచి వస్తుంది. కుడిచేతి అమ్మాయి బంతిని కుడి భుజం మీదకి ఎగరేస్తుంది కాబట్టి, ఉత్తరం చివర నిలబడి దక్షిణం వైపు సర్వ్ చేస్తే సూర్యుడు ఎడమ చేతి వైపు ఉంటాడు, కంట్లో పడడు. ఎడమచేతి పిల్లని దక్షిణం చివరకి పెట్టండి. టాస్ గెలిస్తే ఇది లెక్కేసుకుని ఎవరు ముందు సర్వ్ చెయ్యాలో చెప్పమనండి.


సీతమ్మధార అమ్మ:

ఉత్తరం అంటే మా కోర్టులో వాటర్ ట్యాంకు వైపా, కొబ్బరిచెట్ల వైపా? మా అబ్బాయి ఫోన్‌లో కంపాస్ పెట్టి చూసి ఒకసారి ఇటూ ఒకసారి అటూ అంటున్నాడు.


బీచ్‌రోడ్ బ్యాక్‌హ్యాండ్:

వైజాగ్‌లో ఉండి కంపాస్ దేనికండీ! సముద్రం వైపు మొహం పెట్టి నిలబడండి. కాస్త అటూ ఇటూగా, ఎడమ చెయ్యి ఎటుంటే అదే ఉత్తరం.